పెన్సిల్వేనియాలో వ్యాగన్ల అడుగు వెతుక్కుంటూ నాలుగు రోజులు

ఆరు నెలలుగా నా బల్ల మీద ఒక సరుకు రైలు పెట్టె మోడల్ తలకిందులుగా పడుంది. పెన్సిల్వేనియా రైల్‌రోడ్డు వాళ్ల ఎక్స్29 బాక్స్‌కారు, హెచ్‌ఓ స్కేలులో. అంటే అసలులో 87వ వంతు. అసలు పెట్టె లోపలి పొడవు 40 అడుగుల 6 అంగుళాలైతే నా దగ్గరున్నది 142 మిల్లీమీటర్లు. 1924లో మొదలుపెట్టి ఇంచుమించు 30 వేలు కట్టిన రకమిది. ఆవిరి ఇంజన్ల నాటి గూడ్సు బళ్లు చెయ్యాలనుకున్న ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు ఇది చెయ్యక తప్పదు. నా పెట్టెకి పక్కలు, తలుపులు, నిచ్చెనలు అన్నీ అయిపోయాయి. ఆగిపోయింది అడుగు భాగం దగ్గరే. బ్రేకు కడ్డీలు, లివర్లు ఎటు నుంచి ఎటు వెళ్తాయో ఎన్ని ఫొటోలు చూసినా తేలలేదు. 1940ల్లో ఫొటో తీసినవాళ్లు పట్టాల పక్కన నిలబడి తీశారు, అడుగంతా నీడే.

అసలు వ్యాగన్ల కిందకి వంగి చూడాలని అక్టోబరులో నాలుగు రోజులు పెట్టుకున్నాను. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో బయల్దేరి స్ట్రాస్‌బర్గ్, రాక్‌హిల్ ఫర్నెస్, ఆల్టూనా చూసుకుని తిరిగి రావడం. తోడు మావయ్య. అమ్మకి తమ్ముడు. విజయవాడ పక్కన రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు, కూతురి దగ్గరికి వచ్చి న్యూజెర్సీలో ఉన్నాడు. "అక్కడ చూడ్డానికేముందిరా?" అన్నాడు. "పాత వ్యాగన్లు మావయ్యా" అన్నాను. సాయంత్రానికల్లా సంచి సర్దేసుకున్నాడు.

ఒక్క రోజే కుదిరేవాళ్ల కోసం ముందే చెప్పేస్తాను. మోడళ్లు చేసే మనిషైతే నేరుగా రాక్‌హిల్ ఫర్నెస్ వెళ్లండి. పిల్లలు, పెద్దవాళ్లు కలిసి వెళ్తుంటే స్ట్రాస్‌బర్గ్. ఆల్టూనా ఈ రెండూ అయ్యాకే.

స్ట్రాస్‌బర్గ్ ఎడిసన్ నుంచి రెండుంబావు గంటల దారి. లాంకాస్టర్ కౌంటీ, పాత పద్ధతుల్లోనే బతికే ఆమిష్ అనే క్రైస్తవుల పొలాల మధ్య. అక్కడి పెన్సిల్వేనియా రైల్‌రోడ్ మ్యూజియం 1975లో తెరిచారు. ఇంజన్లు, పెట్టెలు కలిపి వందకు పైనే ఉన్నాయి. పెద్ద హాల్లో పట్టాల మీద వరసగా నిలబెట్టి ఉంటాయి. ఒకచోట 62 టన్నుల ఇంజను కింద గుంతలోకి దిగి చూడొచ్చు. మావయ్య అందులో దిగినవాడు అరగంట దాకా పైకి రాలేదు. "మా షెడ్డులో పిట్టు లాగే ఉందిరా, నూనె వాసనొక్కటే లేదు" అన్నాడు.

నాకు బాగా పనికొచ్చింది మాత్రం పై అంతస్తులోని వంతెన. అక్కడ నిలబడితే పెట్టెల కప్పులు కనిపిస్తాయి. మోడల్ పెట్టెని ఎవరైనా పైనుంచే చూస్తారు, కంటికి మొదట ఆనేది కప్పే. కానీ ఆధారంగా పెట్టుకునే ఫొటోలన్నీ కింద నుంచి తీసినవి. కప్పు నడుమ పొడవునా వేసిన నడక పలకలుంటాయి. ఆ రోజుల్లో బ్రేకుమనుషులు కదులుతున్న బండి మీద వాటి మీదే నడిచి వెళ్లి చేతి బ్రేకులు తిప్పేవారు. ఆ పలకలు కప్పుకి అతుక్కుని ఉండవు. కింద చిన్న చిన్న ఆధారాలుంటాయి, వాటి మధ్య నుంచి వెలుతురు కనబడుతుంది. నా మోడల్లో నేను కప్పుకి జిగురు పెట్టి తాపడం చేసేశాను. వంతెన మీద నిలబడి ఆ సందు చూసినప్పుడే ఇంటికెళ్లి అది ఊడదియ్యాలని నిశ్చయమైపోయింది.

వ్యాగన్ల అడుగు విషయంలో మాత్రం ఈ మ్యూజియంలో నా పని సగమే అయింది. హాల్లో వెలుతురు తక్కువ, వంగి చూసినా లోపలి వైపు లివర్లు అందవు. పైగా బాగుచేసిన పెట్టెల మీద రంగు నిగనిగలాడుతోంది. రంగు వెలిసినట్టు, తుప్పు పట్టినట్టు చెయ్యడం నేర్చుకోవాలంటే వీటిని చూసి నేర్చుకోకూడదు. అక్షరాల కొలతలు, రివిట్ల వరసలు, తలుపు గొళ్లేలు చూసుకోవడానికి మాత్రం ఇంతకన్నా మంచి చోటు నేను చూడలేదు. మ్యూజియంకి సొంత గ్రంథాలయం ఉంది. ముందుగా రాసి అడిగి, సమయం తీసుకుని వెళ్లాలి. నేను రాయలేదు. ఆ పొరపాటు మీరు చెయ్యకండి.

రోడ్డుకి అవతలే స్ట్రాస్‌బర్గ్ రైల్‌రోడ్డు. 1832లో అనుమతి పొందిన కంపెనీ, ఇప్పటికీ ఆవిరి బండి నడుపుతోంది. ముప్పావు గంట ప్రయాణం, మొక్కజొన్న చేల మధ్య. ఊళ్లోనే చూ చూ బార్న్ అని కదిలే బొమ్మలతో పెద్ద మోడల్ రైళ్ల లేఅవుట్ ఉంది. పిల్లలుంటే తప్పకుండా చూపించండి.

ఆ రాత్రి బస రెడ్ కబూస్ మోటెల్‌లో. 1970లో మొదలైంది. పాత కబూస్‌లనే గదులు చేశారు. కబూస్ అంటే మన గార్డు పెట్టె. పెన్సిల్వేనియా రైల్‌రోడ్డు వాళ్లు మాత్రం దాన్ని క్యాబిన్ కారు అనేవారు. గదులన్నీ పట్టాల మీద, చక్రాల మీదే నిలబడి ఉన్నాయి. నేను టేపు, కాలిపర్స్ తీసుకుని మెట్లు, చేతి కడ్డీలు కొలుచుకున్నాను. చీకటి పడ్డాక మావయ్య టార్చి పట్టాడు, నేను రాసుకున్నాను. చేతి కడ్డీ మందం ముప్పావు అంగుళం వచ్చింది. హెచ్‌ఓ స్కేలులో అది 0.22 మిల్లీమీటర్లు. నేను వాడుతున్న తీగ 0.3. అంటే నా పెట్టె మీద కడ్డీలు అసలులో అంగుళం దాటిన మందం. ఇంటికి రాగానే 0.2 ఫాస్ఫర్ బ్రాంజ్ తీగ తెప్పించాను. ఈ బస గురించి ఒక్క మాట. చక్రాల పెట్టెలో ఒక రాత్రి పడుకోవాలన్న కోరిక ఉన్నవాళ్లకి ఇంకో ఆలోచన అక్కర్లేదు, కాకపోతే శని ఆదివారాలకి చాలా ముందే గది చెప్పుకోండి.

తిండి సంగతి. ఆ చుట్టుపక్కల ఆమిష్ భోజనాలు మాంసం మీదే నడుస్తాయి. మావయ్య శాకాహారి. అత్తయ్య కట్టిచ్చిన పులిహోర, ఐసు డబ్బాలో పెరుగు, చిన్న రైస్ కుక్కరు మమ్మల్ని నాలుగు రోజులూ కాపాడాయి. రోడ్డు పక్క ఆమిష్ దుకాణంలో చౌచౌ అనే కూరగాయల ఊరగాయ సీసా కొన్నాం. తియ్యగా, పుల్లగా ఉంటుంది. మావయ్య అందులో కారం కలిపి అన్నంలో తిన్నాడు.

శనివారం పొద్దున్నే బయల్దేరి రెండున్నర గంటల్లో రాక్‌హిల్ ఫర్నెస్ చేరాం. ఈ ప్రయాణమంతా ఈ ఊరి కోసమే చేసినట్టయింది.

ఈస్ట్ బ్రాడ్ టాప్ అని బొగ్గు మోసిన నేరో గేజి లైను. పట్టాల మధ్య 3 అడుగులే. మన పాత మీటరు గేజి కన్నా చిన్నది. 1956లో బొగ్గు పని ఆగిపోయి లైను మూతపడింది. తుక్కు వ్యాపారి నిక్ కొవాల్చిక్ మొత్తం కొన్నాడు. తుక్కు కింద అమ్మేస్తాడనుకుంటే ఏమీ ముట్టుకోకుండా ఉంచేశాడు. 1960లో కొంత దూరం యాత్రికుల కోసం బండి నడిచింది. 2020లో ఒక ఫౌండేషన్ చేతికి వచ్చింది, 2023లో 16వ నంబరు ఇంజను మళ్లీ ఆవిరి పోసుకుంది. తుక్కు కొనేవాడు దయ తలచడం వల్ల అమెరికాలో ఆవిరి కాలపు వర్క్‌షాపు ఒకటి ఉన్నదున్నట్టు మిగిలింది.

వర్క్‌షాపు చూపించే టూరు తీసుకోండి, బండి ఎక్కడం తప్పినా ఇది తప్పకూడదు. కప్పు కింద పొడవాటి ఇరుసు, దాని నుంచి ప్రతి యంత్రానికీ తోలు బెల్టులు. లేత్‌లు, డ్రిల్లులు, కమ్మరి కొలుములు ఎక్కడివక్కడ ఉన్నాయి. ఈ షాపులోనే 1913 నుంచి బొగ్గుని అడుగు తలుపుల్లోంచి దించే ఉక్కు హాపర్ వ్యాగన్లు సొంతంగా కట్టుకున్నారు. మావయ్య ఒక్కో యంత్రం దగ్గరా ఆగి నాతో తెలుగులో చెబుతుంటే, టూరు నడిపే పెద్దాయన మా ఇద్దరి ముఖాలూ చూసి, ఆయనేమంటున్నాడో చెప్పమన్నాడు. చెప్పాను. ఆ తర్వాత ఆయన మావయ్యని వదల్లేదు. టూరు అయ్యాక అడిగితే, పక్క పట్టా మీద నిలిపిన హాపర్ల దగ్గరికి తనే వెంట ఉండి తీసుకెళ్లాడు. ఇది అందరికీ దొరుకుతుందని చెప్పలేను. మర్యాదగా అడగండి, ఒప్పుకోకపోతే పట్టాలు దాటి వెళ్లకండి.

ఆ హాపర్ల దగ్గర గంటన్నర గడిపాం. బొగ్గు బరువుకి పక్క రేకులు నిలువు కమ్మీల మధ్య బయటికి ఉబ్బాయి. మన మోడల్ కిట్లలో రేకులు పలకలా తిన్నగా ఉంటాయి, అందుకే అవి ఎంత రంగు వేసినా కొత్తగా కనబడతాయి. బయటి తుప్పు ముదురు గోధుమ, రివిట్ల కింద చారలు. లోపల బొగ్గు జారిన చోట వేరే రంగు, ఇంకా నున్నగా ఉంది. ఇవి రెండూ ఒకే బ్రష్షుతో వేస్తే సరిపోదని అక్కడే తెలిసింది.

అడుగు చూస్తుండగా అసలు సంగతి బయటపడింది. నా ఎక్స్29 మోడల్ని డబ్బాలో దూది మధ్య పెట్టుకుని వెంట తెచ్చాను. నేను చేస్తున్నది 1948 అక్టోబరు నాటి పెట్టె. అప్పటికి చాలా వ్యాగన్లకి పాత కె రకం బ్రేకు తీసేసి ఏబీ రకం బిగించారు. కె రకంలో సిలిండరు, గాలి తొట్టి, వాల్వు ఒకే ముద్దగా ఉండొచ్చు. ఏబీలో మూడూ విడివిడిగా మూడు చోట్ల ఉంటాయి. కె రకాన్ని 1953 తర్వాత వేరే కంపెనీల లైన్ల మీదికి పోనివ్వలేదు. ఈ మూడు భాగాలూ నేను సరిగ్గానే పెట్టాను. మావయ్య కళ్లజోడు పైకి నెట్టి మోడల్ని వెలుతురులో తిప్పి చూశాడు.

"ఇదేంట్రా, చేతి బ్రేకు కడ్డీ?"

"అవును మావయ్యా."

"దీన్ని ఎక్కడ కలిపావో చూడు. ఇది అండర్‌ఫ్రేముకి బిగిసిన బ్రాకెట్టు. పైన చక్రం తిప్పితే గొలుసు లాగుతుంది, గొలుసు ఈ కడ్డీని లాగుతుంది, కడ్డీ బ్రాకెట్టుని లాగుతుంది. ఏం కదులుతుంది? సిలిండరు పిస్టను నెట్టే లివరుందే, దాని కొసకి కలపాలి. గాలి నెట్టినా చెయ్యి లాగినా అదే లివరు కదలాలి. అప్పుడే చక్రాలకి బ్రేకు పడుతుంది."

ఆయన ఉద్యోగంలో చేరిన రోజుల్లో మన దగ్గర వాక్యూం బ్రేకులు. గాలి బ్రేకులు తర్వాత వచ్చాయి. అమెరికా వ్యాగను ఆయన ముట్టుకోవడం అదే మొదలు. అయినా హాపరు కింద టార్చి వేసి పిన్ను నుంచి పిన్నుకి వేలు పెట్టి ఆ దారంతా చూపించాడు. నేను 23 ఫొటోలు తీశాను. ఆరు నెలల చిక్కు పావుగంటలో విడిపోయింది.

ఇంకొకటి కూడా ఆయనే చూశాడు. పెట్టె పక్కన బరువు అంకెల దగ్గర చిన్న తేదీ ఉంటుంది, మళ్లీ తూచిన నెల, సంవత్సరం, తూచిన చోటు గుర్తు. "మా పీఓహెచ్ తేదీ లాంటిదా?" అన్నాడు. పీఓహెచ్ అంటే కొన్నేళ్లకోసారి చేసే పూర్తి ఓవర్‌హాల్. మన వ్యాగన్ల మీద కూడా అది ఏ వర్క్‌షాపులో ఎప్పుడు అయిందో రాస్తారు. అందుకే మోడల్ మీద ఈ తేదీ విషయంలో నాకు పట్టింపు. 1948 నాటి బండిలో 1951లో తూచిన పెట్టె ఉండకూడదు. ఆ అంకె మిల్లీమీటరు ఎత్తు కూడా ఉండదు, అయినా ఉండకూడదు.

రాక్‌హిల్‌లో బండి ఏడాది పొడవునా నడవదు. తేదీలు చూసుకుని టిక్కెట్టు కొనుక్కోండి. పక్కనే ట్రాలీ (ట్రాము బళ్ల) మ్యూజియం ఉంది, మాకు పొద్దు చాలలేదు. ఊళ్లో బస దొరకడం కష్టం. మేం హంటింగ్‌డన్‌లో ఒక చిన్న మోటెల్‌లో దిగాం. కుటుంబం నడుపుకునే చోటు. గది పాతదే కానీ శుభ్రం, కిటికీ పక్కన వెడల్పాటి బల్ల, మంచి దీపం. మోడళ్లు చేసేవాడికి మంచం కన్నా బల్ల ముఖ్యం. ఆ రాత్రి అక్కడే తప్పుగా పెట్టిన కడ్డీ కోసేశాను.

ఆదివారం ఆల్టూనా. హార్స్‌షూ కర్వ్ 1854 నుంచి ఇప్పటికీ వాడుకలో ఉన్న మలుపు. పైకి 194 మెట్లు, లేకపోతే తాడుతో లాగే చిన్న కొండ బండి, ఫనిక్యులర్. మావయ్య మోకాళ్ల దృష్ట్యా అందులోనే వెళ్లాం. గంటలో మూడు గూడ్సులు వచ్చాయి. మలుపు చుట్టూ బండి తిరుగుతుంటే ముందూ వెనకా ఒకేసారి కనబడతాయి. ఊళ్లో రైల్‌రోడర్స్ మెమోరియల్ మ్యూజియం 1882 నాటి భవనంలో ఉంది. అక్కడి కార్మికుల బతుకు బాగా చూపించారు. వ్యాగన్ల కొలతల కోసం వెళ్తే మాత్రం మీకు పెద్దగా దొరకదు.

ఆ రాత్రి హైవే పక్కన దిగిన మోటెల్ పేరు చెప్పను. బుక్ చేసినప్పుడు బల్ల ఉందన్నారు. టీవీ కింద జానెడు చెక్క చూపించారు. రెండు దీపాల్లో ఒకటి వెలగలేదు. ఫోన్ చేస్తే ఎవరూ రాలేదు. మోటెల్ గది చూసుకునేటప్పుడు ఫొటోల్లో బల్ల, దీపం ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే ఫోన్ చేసి అడగండి. నేను అడిగాను, అయినా ఇలా జరిగింది. ఇప్పుడు కారులో మడత బల్ల, చార్జింగు దీపం వేసుకుని తిరుగుతున్నాను.

చివరికి స్నానాల గదిలో దీపం కింద, తువ్వాలు పరిచి, వాష్ బేసిన్ పక్కన మోడల్ పెట్టాను. కొత్త కడ్డీని పట్టకారుతో పట్టుకున్నాను. లివరు కొసన సూది మొన అంత జిగురు చుక్క. మావయ్య టార్చి పట్టుకుని నా భుజం మీదుగా చూస్తున్నాడు. ఆయన ఇల్లు కొండపల్లిలో. బొమ్మల వాళ్లు పొణికి ముక్కలు మక్కుతో అతికించడం చిన్నప్పటి నుంచీ చూసినవాడు.

"ఊపిరి బిగబట్టు" అన్నాడు. కడ్డీ కూర్చుంది. రెండు నిమిషాలు ఇద్దరం కదల్లేదు. తర్వాత ఆయన పెట్టెని అరచేతిలోకి తీసుకుని, గోటితో చేతి బ్రేకు చక్రం దగ్గర మొదలుపెట్టి, గొలుసు, కడ్డీ, లివరు, చక్రాల బోగీ దాకా వరసగా చూసుకుంటూ వెళ్లాడు.

"ఇప్పుడు పడుతుందిరా బ్రేకు" అన్నాడు.