తోడు నక్షత్రం వేగాన్ని కొలవాలా, చోటునా: ఏది మేలు?

తిరుపతిలో మా డాబా మీద టెలిస్కోపు బిగించిన రాత్రులన్నిటా డిగ్రీ విద్యార్థులు అడిగే ప్రశ్న ఒకటే. కనిపించని కృష్ణబిలాన్ని దాని తోడు నక్షత్రం ద్వారా పట్టుకోవాలంటే, ఆ నక్షత్రపు వర్ణపటంలో (కాంతిని రంగులుగా విడదీసిన పట్టీలో) గీతలు జరగడాన్ని చూసి వేగం కొలవడం మేలా, ఆకాశంలో అది ఊగే చోటును కొలవడం మేలా?

వర్ణపట పద్ధతి ఘనత చిన్నది కాదు. సిగ్నస్ ఎక్స్-1 అనే జంటలోని నీలి నక్షత్రం కంటికి కనిపించని తోడు, అంటే కృష్ణబిలం, చుట్టూ 5.6 రోజులకొకసారి తిరుగుతోందని 1970ల ఆరంభంలో తేలింది ఈ దారినే. పైగా దీనికి అంతరిక్ష నౌక అక్కర్లేదు. చిత్తూరు నుంచి వేలూరు దాటి వెళితే వచ్చే కావలూరులోని 2.34 మీటర్ల వైను బప్పు టెలిస్కోపు వంటిదానితోనూ ప్రకాశవంతమైన నక్షత్రాల వేగాలను కొలవవచ్చు.

అయితే నా దృష్టిలో అసలు తేల్చేది కక్ష్య వాలు, అంటే మనకు ఎదురుగా నిండుగా కనిపించే స్థితి నుంచి కక్ష్య ఎంత ఒరిగిందన్నది. వర్ణపటం మనవైపు వచ్చే, మననుంచి పోయే వేగాన్ని మాత్రమే చెబుతుంది. వాలు 30 డిగ్రీలైతే మనకు అందేది అసలు వేగంలో సగమే. ద్రవ్యరాశిని లెక్కగట్టే సూత్రంలో వేగాన్ని మూడో ఘాతానికి (వేగం × వేగం × వేగం) తీసుకుంటారు కనుక లెక్క ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే ఈ పద్ధతి ఒంటరిగా ఇచ్చేది ద్రవ్యరాశికి కనీస హద్దు మాత్రమే. రాత్రిపూట అలిపిరి దగ్గర నిలబడి ఘాట్ రోడ్డు వైపు చూస్తే బస్సు కనిపించకపోయినా దాని దీపం జరిగే తీరు మలుపుల ఆకారాన్ని చూపిస్తుంది. హారన్ స్వరంలో మార్పు విన్నంత మాత్రాన అది తెలియదు. నక్షత్రాల చోట్లను అతి సూక్ష్మంగా కొలిచిన ఐరోపా వారి గయా ఉపగ్రహం చేసింది ఆ దీపాన్ని కళ్లతో వెంబడించడం వంటి పనే. 2022లో ప్రకటించిన గయా బీహెచ్1 అనే కృష్ణబిలం విషయంలో, సుమారు 1,560 కాంతి సంవత్సరాల దూరంలో సూర్యుని వంటి నక్షత్రం దాదాపు 186 రోజులకొక చుట్టు తిరుగుతోందని స్థాన కొలతలు ముందు చూపగా, వర్ణపటాలు తర్వాత ధ్రువీకరించాయి; కృష్ణబిలం బరువు దాదాపు 9.6 సూర్యులని తేలింది.

వర్ణపటాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో హెచ్ఆర్ 6819 అనే నక్షత్ర వ్యవస్థ చెబుతుంది. అందులో కృష్ణబిలం ఉందని 2020లో ప్రకటించారు. 2022లో చిలీలోని టెలిస్కోపుల కాంతిని కలిపి నక్షత్రాల చోట్లను విడదీసి చూస్తే, పక్కపక్కనే ఉన్న రెండు నక్షత్రాలే కనిపించాయి, కృష్ణబిలం లేదు. పైపొరలు పోగొట్టుకున్న తేలికపాటి నక్షత్రాన్ని అంతకుముందు బరువైనదిగా లెక్కించడంతో దాన్ని ఊపే కృష్ణబిలం ఉందనిపించింది.

ఎక్స్ కిరణాలు కృష్ణబిలం పదార్థాన్ని మింగుతున్నప్పుడే పనికొస్తాయి. గురుత్వ తరంగాలు ప్రధానంగా కృష్ణబిలాల వంటివి ఢీకొని ఒకటయ్యే విలీనాల కోసం. వాటికి ఈ ప్రశ్నతో పెద్దగా సంబంధం లేదు.

స్థాన పద్ధతికీ హద్దులున్నాయి. దూరాన, ఇరుకైన కక్ష్యలో తిరిగే జంటల ఊగిసలాట గయాకు అందనంత చిన్నది. అక్కడ వర్ణపటమే దిక్కు. కానీ ఆ కోవకే చెందిన సిగ్నస్ ఎక్స్-1లోని కృష్ణబిలం బరువు సుమారు 15 సూర్యుల నుంచి 21కి సవరించబడింది, 2021లో రేడియో టెలిస్కోపులు దాని చోటును మరింత సూక్ష్మంగా కొలిచి, దూరం ఏడు వేల కాంతి సంవత్సరాలకు పైమాటేనని నిర్ధారించిన తర్వాతే.