స్కైసర్వర్: తొలినాటి గెలాక్సీల చుట్టూ ఉన్న వాయువును చూడాలనుకునేవారికి

డిగ్రీ ఫైనలియర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. తొలినాటి విశ్వంలో భారీ గెలాక్సీల చుట్టూ ఆవరించిన వాయువు గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా, ఆకాశాన్ని సర్వే చేసే స్లోన్ సర్వేవాళ్ల వెబ్‌సైట్ స్కైసర్వరే తెరుస్తాను. ఫీజు లేదు, లాగిన్ గొడవ లేదు. న్యూమెక్సికోలోని అపాచీ పాయింట్ దగ్గర 2.5 మీటర్ల టెలిస్కోప్‌తో 2000 నుంచి తీసిన స్పెక్ట్రమ్‌లు, అంటే కాంతిని రంగులుగా విడదీసిన గ్రాఫులు, ఎవరైనా చూసుకోవచ్చు. ఫిజిక్స్ విద్యార్థులకు ఇంత పనికొచ్చే ఉచిత సేవ నాకు ఇంకెక్కడా కనబడలేదు.

ఆ వాయువు వెలుగు చాలా మసక. వెనకున్న క్వేజార్ (గెలాక్సీ నడిమధ్య బ్లాక్‌హోల్ వల్ల విపరీతంగా వెలిగే కేంద్రం) కాంతిని ఎక్కడ మింగిందో చూసి పట్టుకోవడమే సులువు. స్కైసర్వర్‌లోని ఎక్స్‌ప్లోర్ పేజీలో రెడ్‌షిఫ్ట్ (విశ్వం వ్యాకోచం వల్ల కాంతి తరంగాలు ఎంత సాగాయో చెప్పే సంఖ్య) 2.8 ఉన్న క్వేజార్‌ను తెరవండి. ల్యాబ్‌లో 1216 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఉండే హైడ్రోజన్ లైమన్ ఆల్ఫా గీత ఇక్కడ 4620 దగ్గర నిటారుగా లేచి ఉంటుంది. దాని ఎడమ పక్కంతా గాట్లే. పిల్లలు అదంతా నాయిస్ అనుకుంటారు. కొంత నాయిసే, కానీ లోతైన గాట్లు దారిలో అడ్డొచ్చిన హైడ్రోజన్‌వి. ఆ కాంతి రెడ్‌షిఫ్ట్ 2.2 ఉన్న మరో క్వేజార్ పక్కనుంచి వచ్చిందనుకోండి, ఆ క్వేజార్ ఉన్న గెలాక్సీ చుట్టూ ఉన్న వాయువు 3890 దగ్గర గాటు పెడుతుంది. 1,000 కోట్ల ఏళ్లకు పైబడిన గుర్తు అది! 1216ను 3.2తో (రెడ్‌షిఫ్ట్‌కు 1 కలిపితే వచ్చేది) గుణించి, వచ్చిన చోట వేలు పెట్టి చూసుకున్న పిల్లకు ఇంక నేను విడమరిచి చెప్పాల్సింది ఉండదు.

ఖగోళ శాస్త్రవేత్తలు హెనావీ, ప్రోచస్కాల బృందం ఇలా ఒకదాని వెనక ఒకటి ఉన్న క్వేజార్ జంటలను ఎక్కువగా స్లోన్ డేటాలోంచే ఏరింది. అంత బరువైన గెలాక్సీల చుట్టూ వాయువు కోటి డిగ్రీలకు కాగి ఉంటుందని అంచనా. తీరా చూస్తే, గెలాక్సీకి 6 లక్షల కాంతి సంవత్సరాల లోపు వెళ్లే దారుల్లో సగానికి పైగా 10,000 డిగ్రీల స్థాయి చల్లటి హైడ్రోజన్ దట్టంగా ఉంది.

ఇక లోటు. స్లోన్‌వాళ్లు చిల్లులు పెట్టిన లోహపు ప్లేట్లలో ఒక్కో వస్తువు కాంతిని పట్టే ఫైబర్ గుచ్చేవారు. ఆ పాత ప్లేట్ల మీద రెండు ఫైబర్లను 55 ఆర్క్‌సెకండ్ల (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3,600వ వంతు) కంటే దగ్గరగా పెట్టడం కుదరదు. మనకు కావలసిన జంటలేమో 25 ఆర్క్‌సెకండ్ల లోపే ఉంటాయి. అందుకే చాలాచోట్ల ఒకదానికే స్పెక్ట్రమ్ ఉంటుంది, పక్కది ఫొటోలో నీలి చుక్కగా మాత్రమే కనిపిస్తుంది. ఆ బృందం కూడా రెండో స్పెక్ట్రమ్ కోసం హవాయిలోని కెక్ లాంటి పెద్ద టెలిస్కోపులకు వెళ్లాల్సి వచ్చింది. పైగా ఫైబర్ చూసేది 2-3 ఆర్క్‌సెకండ్ల చుక్కనే కాబట్టి వాయువు ఆకారం తెలియదు. అది కావాలంటే చిలీలోని వీఎల్‌టీ అనే పెద్ద టెలిస్కోప్‌కు అమర్చిన మ్యూస్ పరికరం డేటా చూడాలి. అది ఫొటోలోని ప్రతి చుక్కకూ స్పెక్ట్రమ్ తీస్తుంది. ఆ ఫైళ్లు గిగాబైట్లలో ఉంటాయి, మా కాలేజీ నెట్‌కు అందేవి కావు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు జెడ్‌వార్నింగ్ (రెడ్‌షిఫ్ట్ మీద అనుమానం ఉంటే స్కైసర్వర్ చూపే హెచ్చరిక) సున్నా ఉన్న క్వేజార్లనే తీసుకోండి. లేదంటే రెడ్‌షిఫ్టే తప్పు కావచ్చు, అప్పుడు గాట్ల లెక్క ఏదీ కలవదు.