యెస్ నొక్కుడు బందు: పాస్‌వర్డ్ అడిగే కంప్యూటర్‌తో నాలుగేళ్లు

తెర మసకబారి మధ్యలో ఒక డబ్బా వస్తుంది. ఈ యాప్ మీ కంప్యూటర్‌లో మార్పులు చేయడానికి ఒప్పుకుంటారా అని అడుగుతుంది. కింద యెస్, నో. విండోస్ ఉన్న ఇంట్లో దీన్ని చూడనివాళ్లు ఉండరు, పూర్తిగా చదివినవాళ్లూ ఉండరు. నేనైతే పదిహేనేళ్లు చదవలేదు. ఇప్పుడు అదే డబ్బాను మెచ్చుకుంటూ రాస్తున్నానంటే నాకే నవ్వొస్తోంది.

నాది డీటీపీ పని. 2020 దాకా హనుమకొండ చౌరస్తా దగ్గర చిన్న షాపు ఉండేది. లాక్‌డౌన్‌లో కిరాయి కట్టలేక కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చుకున్నాను. పెండ్లి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు, అప్పుడప్పుడు యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు. షాపులో ఉన్నన్నాళ్లు దాన్ని ముట్టింది నేనొక్కడినే. ఇంటికొచ్చాక పాప చదువు, చిన్నోడి ఆటలు, మా ఆవిడ కరెంటు బిల్లు, అన్నీ దాని మీదే. యెస్ నొక్కే అధికారం మాత్రం నలుగురికీ ఉండేది.

ఈ డబ్బా 2007లో విస్టాతో వచ్చింది. మా లైన్‌లో దాన్ని యూఏసీ, అంటే యూజర్ అకౌంట్ కంట్రోల్ అంటారు. విస్టాలో చీటికిమాటికి అడిగేది. 2008లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఆర్‌ఎస్‌ఏ అనే కంప్యూటర్ భద్రత సదస్సులో మైక్రోసాఫ్ట్ మేనేజర్ డేవిడ్ క్రాస్, జనాన్ని చికాకు పెట్టడానికే దీన్ని పెట్టామని ఒప్పుకున్నాడు. జనం విసుక్కుంటే, అవసరం లేకున్నా అడ్మిన్ హక్కులు (మొత్తం సిస్టమ్‌ను మార్చగల హక్కులు) అడిగే సాఫ్ట్‌వేర్లు తయారుచేసేవాళ్లు దారికొస్తారని లెక్క. కోపం వాళ్ల మీద, దెబ్బలు మనకు. 2009లో విండోస్ 7 వచ్చాక అడగడం తగ్గింది, ఎంత తరచుగా అడగాలో ఎంచుకునే నాలుగు మెట్ల స్లైడరూ వచ్చింది. అడుగుకు లాగితే అసలు అడగదు. మా మెకానిక్‌లు కొత్త సిస్టమ్ బిగించగానే చేసే మొదటి పని ఆ స్లైడర్‌ను అడుగుకు లాగడం. నాదీ అడుగునే ఉండేది. ఇంటికొచ్చాక పిల్లల కోసమని పైకి జరిపాను. నెల తిరగకముందే ఇంట్లో అందరి వేళ్లూ యెస్‌కు అలవాటు పడిపోయాయి. డబ్బా ఇంకా పూర్తిగా రాకముందే మౌస్ అక్కడికి పోయేది.

అసలు మార్పు 2022లో. సెట్టింగ్స్‌లో కొత్త అకౌంట్ ఒకటి తెరిచి దాన్ని అడ్మిన్ చేశాను. మేం రోజూ వాడే అకౌంట్‌ను స్టాండర్డ్‌కు, అంటే మామూలు హక్కులకు దించాను. ఖర్చు ఏమీ లేదు, పట్టింది పావుగంట. అప్పటినుంచి డబ్బాలో ఉత్త యెస్‌తో పని కాదు, అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ పాస్‌వర్డ్ నాకొక్కడికే తెలుసు.

దీని విలువ తెలిసింది 2024 వేసవిలో. పాపకు ఎంసెట్ దగ్గర పడింది. ఆ ఏడాది నుంచి పేరు ఈఏపీసెట్ అయింది కానీ మా ఇంట్లో ఇప్పటికీ ఎంసెటే. స్నేహితురాలి దగ్గర్నుంచి పాత ప్రశ్నపత్రాలున్న పెన్‌డ్రైవ్ తెచ్చుకుంది. నేను బయట అరుగు మీద మా బావతో చాయ్ తాగుతున్నాను. లోపల్నుంచి కేకేసింది.

“బాపూ, పాస్‌వర్డ్ అడుగుతున్నది, చెప్పరాదు!”

చెప్పడం మొదలుపెట్టాను కూడా. మొదటి మూడు అక్షరాలు నోట్లోంచి బయటపడ్డాయి. అప్పుడు మా బావ, ఊరికే, మాట కలపడానికి అన్నాడు, “ఏం జేస్తున్నదిరా గంత అర్జెంటు?”

“ఏం జేస్తున్నవ్ బిడ్డా?”

“పాత పేపర్లు తెరుస్తున్న. పీడీఎఫ్.”

పీడీఎఫ్ తెరవడానికి అడ్మిన్ పాస్‌వర్డ్ ఎందుకు? రోజుకు ఇరవై పీడీఎఫ్‌లు తెరుస్తాను, ఒక్కటీ ఇట్లా అడగలేదు. “ఆగు, ముట్టకు, వస్తున్న” అంటూ లేచాను. గ్లాసు అక్కడే పెట్టేశాను. చాయ్ బావే తాగాడు.

వెళ్లి చూస్తే డబ్బా మీద పసుపు పట్టీ. మామూలుగా పేరున్న కంపెనీ సంతకం ఉన్న ప్రోగ్రామైతే నీలం పట్టీ వస్తుంది, కింద కంపెనీ పేరు ఉంటుంది. దీనికి పబ్లిషర్ తెలియదని ఉంది. ఇంకా వివరాలు చూపించమంటే ఫైలు పూర్తి పేరు వచ్చింది. పీడీఎఫ్ అన్న మూడు అక్షరాల తర్వాత ఇంకో చుక్క, దాని పక్కన ఈఎక్స్‌ఈ. ఫోల్డర్‌లో చూస్తే ఆ చివరి ముక్క కనిపించదు, విండోస్ దాచిపెడుతుంది. బొమ్మ కూడా పీడీఎఫ్ బొమ్మే అంటించారు. కాగితం వేషం వేసుకొచ్చిన ప్రోగ్రామ్ అది. యాంటీవైరస్ కిక్కురుమనలేదు. నో నొక్కి, పెన్‌డ్రైవ్ తీసేశాను.

అది ఏం చేసేదో నాకు తెలియదు. కానీ పాత పద్ధతిలో యెస్ ఉండి ఉంటే పాప అర సెకనులో నొక్కేది. పాపను అనడమెందుకు, పని మీదున్నప్పుడు నేనైనా నొక్కేవాడినే. పాస్‌వర్డ్ కావాల్సి రావడంతో ఆమె నన్ను పిలవాల్సి వచ్చింది. పిలిచాక మాట, మాట తర్వాత ప్రశ్న. మా బావ ఇప్పటికీ మీ సిస్టమ్‌ను కాపాడింది నేనే అంటాడు. కాదనలేను.

ఇంతవరకు చదివి వెంటనే అకౌంట్ మార్చేయకండి. ముఖ్యంగా డీటీపీ వాళ్లు. మొదటి వారం నాకు చుక్కలు కనిపించాయి.

మేం పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ చాలా పాతది. పేరు చెప్పను, ఈ పనిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. దాన్నీ, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌నూ ఏళ్లుగా ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ టిక్ పెట్టి నడిపేవాణ్ని. అకౌంట్ మార్చాక పొద్దున్నే రెండింటికీ రెండుసార్లు పాస్‌వర్డ్. విసుగొచ్చి టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కు టిక్ తీసేశాను. ఇంకేముంది, తెలుగు పడడం మానేసింది. ‘చి.ల.సౌ.’ అని కొడితే ఇంగ్లిష్ అక్షరాలు. నోట్‌ప్యాడ్‌లో చూస్తే బాగానే పడుతున్నాయి! సగం రోజు కీబోర్డును తిట్టాను, సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ వేశాను. సంగతి ఏంటంటే, మామూలు హక్కులతో నడిచే ప్రోగ్రామ్, అడ్మిన్ హక్కులతో నడిచే కిటికీలో కొట్టే కీలను వినలేదు. కావాలనే అట్లా పెట్టారు. మనం కొట్టే పాస్‌వర్డ్‌ను దొంగతనంగా వినే ప్రోగ్రామ్ కూడా ఇదే పని చేస్తుంది కదా. రెండూ ఒకే మెట్టు మీద ఉండాలి, పైనైనా, కిందనైనా.

సరే అని రెండింటినీ మళ్లీ అడ్మిన్‌గా పైకెక్కించాను. అసలు దెబ్బ అప్పుడు పడింది. మాఘమాసం, ముహూర్తాల రద్దీ. కాజీపేట నుంచి వచ్చిన పార్టీ పత్రిక రాత్రి పూర్తి చేసి సేవ్ చేశాను. పొద్దున చూస్తే డాక్యుమెంట్స్‌లో ఫైలు లేదు. ముందు రోజే వేసుకున్న కొత్త ఫాంట్లు నోట్‌ప్యాడ్‌లో ఉన్నాయి, పేజీ సాఫ్ట్‌వేర్‌లో లేవు. గడప దగ్గర పార్టీ, లోపల నాకు చెమటలు. మా ఆవిడ వాళ్లకు రెండుసార్లు చాయ్ పెట్టింది.

స్టాండర్డ్ అకౌంట్‌లో ఉండి అడ్మిన్ పాస్‌వర్డ్ కొడితే ఆ ప్రోగ్రామ్ మన పేరు మీద నడవదు, ఆ అడ్మిన్ అకౌంట్ పేరు మీద నడుస్తుంది. దానికి డాక్యుమెంట్స్ అంటే అడ్మిన్ గారి డాక్యుమెంట్స్. నా ఫైలు భద్రంగా అక్కడే కూర్చుంది. ఫాంట్లదీ అదే కథ. విండోస్ 10లో కొన్నేళ్లుగా ఫాంట్‌ను మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే వేసుకున్నవాళ్ల అకౌంట్‌కే పడుతుంది. రైట్ క్లిక్ చేసి, అందరు యూజర్లకూ ఇన్‌స్టాల్ అన్నది ఎంచుకోవాలి. దానికీ పాస్‌వర్డ్ అడుగుతుంది, అది న్యాయమే.

చివరికి ఆ పేజీ సాఫ్ట్‌వేర్‌కు అడ్మిన్ హక్కు ఎందుకో ఆరా తీశాను. తన సెట్టింగులు తన ఫోల్డర్‌లోనే రాసుకునే పాతకాలపు అలవాటు, ఆ ఫోల్డరేమో ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉంది, అక్కడ మామూలు అకౌంట్ ఏమీ రాయలేదు. ఆ ఒక్క ఫోల్డర్‌కు మాత్రం మా మామూలు అకౌంట్‌కు రాసే అనుమతి ఇచ్చి, రెండింటికీ టిక్ తీసేశాను. మా సిస్టమ్‌లో అంతటితో కుదిరింది, మీ దాంట్లో కుదురుతుందని చెప్పలేను. ఇప్పుడు పనిలో ఉండగా డబ్బా రావడం చాలా అరుదు. వస్తే తల తిప్పి చూస్తాను. ఇదివరకు అట్లా ఉండేది కాదు.

ఇంకో సంగతి. కిందటేడు ఒక కస్టమర్ పెన్‌డ్రైవ్ నుంచి, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారే వైరస్ ఎక్కింది. డబ్బా రాలేదు, పాస్‌వర్డ్ అడగలేదు. ఎందుకు అడుగుతుంది? నా ఫైళ్లను మార్చడానికి నా హక్కులు చాలు, అడ్మిన్‌తో పనేముంది. ఆ లెక్కన ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ కూడా ఏమీ అడగకుండానే నా పత్రికలన్నీ మింగేయగలదు. ఇది విండోస్‌కు కాపలా, నా పనికి కాదు. అందుకని వారానికోసారి వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ తీసి, వైరు పీకి బీరువాలో పెడుతున్నాను.

పాస్‌వర్డ్ నాకొక్కడికే తెలుసన్నాను కదా. అది ఈ జనవరి దాకే. మేడారం జాతరకు పోయాను. ఇంటి దగ్గర ప్రింటర్ మొరాయించింది, డ్రైవర్ మళ్లీ వేయాలంటే అడ్మిన్ కావాలి. దూరం నుంచి నడిపే యాప్‌తో ఫోన్‌లోంచి చేద్దామనుకుంటే, డబ్బా రాగానే నాకు తెర కదలకుండా నిలిచిపోయింది. ఆ మసకతెర వేరుగా ఉంటుంది, మామూలుగా నడిచే ప్రోగ్రామ్‌లు దాన్ని చూడలేవు, నొక్కలేవు. మోసగాళ్లకు అడ్డు కావాలని పెట్టింది నాకే అడ్డొచ్చింది. ఫోన్ చేస్తే జనంలో సిగ్నల్ సరిగ్గా లేదు. జంపన్నవాగు ఒడ్డున నిలబడి, ఒక్కో అక్షరం చొప్పున చిన్నోడికి అరిచి చెప్పాను. నెత్తిన బంగారం (అమ్మవార్లకు ఇచ్చే బెల్లం) మోసుకుంటూ పోయేవాళ్లు నన్ను వింతగా చూశారు. తిరిగొచ్చి మార్చాలనుకున్నాను. ఇంకా మార్చలేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం. నాకు తెలిసిన ఒకాయన ఇట్లాగే చేయబోయి, వేరే అడ్మిన్ అకౌంట్ లేకుండానే ఉన్న ఒక్కదాన్నీ దించుకున్నాడు. డబ్బా వస్తుంది, యెస్ బూడిద రంగులో ఉంటుంది, నొక్కినా కదలదు. నా దగ్గరికి తెచ్చాడు, నా వల్ల కాలేదు. మొదట కొత్త అడ్మిన్‌లోకి ఒకసారి లాగిన్ అయి చూడండి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకోండి, ఆ తర్వాతే మీ అకౌంట్ దించండి.

నాది ఇంకా విండోస్ 10. పాత సిస్టమ్, 11కు పనికిరాదట. 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది, అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకుని నడిపిస్తున్నాను. ఒక్క కంప్యూటర్ మీద నలుగురు కూర్చునే ఇల్లు, అందులో పిల్లలు, రోజూ కొత్తవాళ్ల పెన్‌డ్రైవ్‌లు. నా పరిస్థితిలో మళ్లీ యెస్‌కు పోను. పాప ఇప్పుడు హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉంది, సొంత ల్యాప్‌టాప్. నువ్వూ అట్లనే పెట్టుకో బిడ్డా అంటే ఫోన్‌లో నవ్వింది.

“గీడ నేనొక్కదాన్నే ఉన్న. నాకు నేనే పాస్‌వర్డ్ చెప్పుకోవాల్నా బాపూ?”

ఆమె ల్యాప్‌టాప్‌లో యెస్సే ఉంది.