మూడేళ్లు వాడిన వాటర్ రాకెట్ లాంచర్: కొనండి, కానీ తాడు మార్చండి

నెల్లూరు దగ్గర ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఈ లాంచర్ ఆన్‌లైన్లో కొని మూడేళ్లు దాటింది. కంపెనీ పేరు అనవసరం. కూల్‌డ్రింక్ బాటిల్ బోర్లించే స్టాండు, సైకిల్ పంపు తగిలించే వాల్వు, తాడు లాగితే బాటిల్‌ని వదిలే క్లిప్పు, అంతే.

మా పిల్లలకు రాకెట్ వింత కాదు. రాత్రి ప్రయోగం ఉంటే మిద్దెలెక్కి శ్రీహరికోట వైపు చూస్తారు (2022లో అది తిరుపతి జిల్లాలోకి పోయింది, అయినా మాకింకా మా నెల్లూరిదే). ఎందుకు లేస్తుందిరా అంటే మాత్రం "మంట నేలను తంతది సార్" అంటారు! రాకెట్ వెనక్కి నెట్టిన వాయువే దాన్ని ముందుకు నెడుతుందని, కింద నేల లేకపోయినా పోతుందని బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా ఎక్కలేదు. అందుకే ఒకే బాటిల్‌ని ఒట్టి గాలితో, మూడో వంతు నీళ్లతో, దాదాపు నిండా నీళ్లతో వదిలాం, గేజి మీద ఒత్తిడి మూడుసార్లూ 40 పీఎస్ఐ. ఒట్టిది కాస్త ఎగిరి పడింది, నిండుది మమ్మల్ని తడిపి పక్కకు ఒరిగింది, మూడో వంతుది వేపచెట్టు దాటేసింది. "నీళ్లే నింపేస్తే నెట్టడానికి గాలేది సార్" అని తొమ్మిదో తరగతి అమ్మాయి చెప్పింది, నేను చెప్పాల్సిన పాఠం అదే. 30 మీటర్ల దూరంలో కోణమానినికి దారం, రాయి కట్టి ఒకడు నిలబడతాడు, 45 డిగ్రీలు వస్తే ఎత్తు వాడి కంటి మట్టం నుంచి 30 మీటర్లు. త్రికోణమితి దేనికి సార్ అనడం మానేశారు.

ఇక లోపాలు. ఇచ్చిన తాడు రెండు మీటర్లే, ముఖం బాటిల్ మీద పెట్టి లాగమన్నట్టు! పది మీటర్ల నైలాన్ తాడు కట్టాం. నాలుగు నెలలకే వాషర్ కారింది. ఒకసారి క్లిప్పు ఇరుక్కుని బాటిల్ కదల్లేదు, ఒకడు చూడబోతుంటే నా ప్రాణం పోయినంత పనైంది. అప్పటినుంచి రూలు: ఎవరు "హోల్డ్" అన్నా అందరూ ఆగాలి, దూరం నుంచే గాలి వదిలేశాకే దగ్గరికి. మొహాలు వేలాడేస్తే చంద్రయాన్-2 కథ చెబుతాను. 2019 జులై 15న ఇంకా 56 నిమిషాలుండగా సాంకేతిక లోపమని ఆపేశారు, 22న పంపారు. వాళ్లే ఆగారు, మనకేం తొందర?

కళ్లద్దాలు తప్పనిసరి. పల్చటి మంచినీళ్ల బాటిల్ వద్దు, గ్యాస్ డ్రింకుదే వాడండి, గీత పడినా సొట్ట పడినా పారేయండి. "ఇంకొంచెం గాలి కొడదాం సార్" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు, తారాజువ్వ మందు నింపుదామనేవాడూ ఉంటాడు, ఇద్దరికీ వద్దనే చెప్పాలి. వాషర్లు రెండు ఎక్కువ ఉంచుకోండి, మాకు సైకిల్ షాపులో దొరికినవే సరిపోయాయి.