అనంతపురంలో జడ్జి పరీక్ష కోచింగ్: ఆదివారం క్లాసు ఒక్కటీ బంగారం

నేను అనంతపురం కోర్టులో జూనియర్ అడ్వకేటును. ప్రాక్టీసుకొచ్చి రెండేళ్లు దాటింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకని ఊళ్లోనే ఒక సెంటర్లో ఆరు నెలల శని, ఆదివారాల బ్యాచ్‌లో చేరాను. ఫీజు 28,000, రెండు విడతలు. పేరు రాయను. నడిపే ఆయన మా సీనియర్‌కు తెలిసినాయన, రేపు కోర్టు వరండాలో ఎదురుపడాల.

ముందు కోపమొచ్చిన సంగతి. ఎంట్రీ బేసిక్ (నెల మూల వేతనం) 77,840 అని గోడంత ఫ్లెక్సీ కట్టారు గానీ, పరీక్షకు ముందు లాయరుగా మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న సంగతి కౌంటర్లో ఎవరూ చెప్పరు. 2025 మే 20న సుప్రీంకోర్టు ఆ నిబంధనను మళ్లీ తెచ్చింది. నాతోపాటు చేరిన పిల్ల అప్పుడే లా పూర్తిచేసింది. రెండో నెలలో తెలిసి డబ్బు అడిగితే వెనక్కివ్వలేదు.

స్క్రీనింగ్ టెస్టుకు పర్వాలేదు. వంద ప్రశ్నలు, రెండు గంటలు, కనీసం 40 మార్కులు రావాలి. వారం వారం మాక్ టెస్టు పెడతారు. మెటీరియలే పాతది. 2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి కదా, మాక్‌లో బి.ఎన్.ఎస్.ఎస్. (సీఆర్‌పీసీ బదులు వచ్చిన నేర విచారణ చట్టం) 482వ సెక్షన్ ఏమిటని అడిగి, జవాబుల కీలో 'హైకోర్టు సహజాధికారాలు' అని ఇచ్చారు. అది పాత సీఆర్‌పీసీ లెక్క. ఇప్పుడు 482 అంటే ముందస్తు బెయిలు, హైకోర్టు అధికారాలు 528కి పోయాయి. నేను సరిగ్గా రాసి మార్కు పోగొట్టుకున్నా!

ఇక ఆదివారం క్లాసు. రిటైరైన జిల్లా జడ్జి గారు వస్తారు. మున్సిఫ్‌గా, అంటే కింది కోర్టు జడ్జిగా మొదలై, బదిలీ అయినప్పుడల్లా పిల్లల బడి మారుస్తూ పైదాకా వచ్చినాయన. వారానికో కేసు ఇచ్చి జడ్జిమెంటు రాయమంటారు. ఒకసారి వేరుశనగ చేని గెనిమ (గట్టు) తవ్వేశారని ఇంజంక్షన్ దావా, అంటే అట్లా చెయ్యకుండా ఆపమని కోర్టును అడిగేది. పదకొండు పేజీలు రాసుకుపోయాను. సార్ రెండు పేజీలు తిప్పి, "దావా వేసిన నాటికి చేను ఎవరి స్వాధీనంలో ఉందమ్మా? అది ఇష్యూగా (తేల్చాల్సిన ప్రశ్నగా) పెట్టకుండా ఇంజంక్షన్ ఎట్లా ఇస్తివి?" అన్నారు. నోట మాట రాలేదు. రెండేళ్లుగా వాదికి ప్లెయింటు (దావా పత్రం) రాసిన చెయ్యి కదా, వాది చెప్పిందే నిజమనుకుని రాసేశాను. "ఓడిపోయినోడు నకలు తీసుకుని ఊరికి పోయి చదివించుకుంటాడు. ఎందుకు ఓడినాడో వానికి తెలియాల" అన్నారు. కాగితం మళ్లీ రాయించారు.

పైకెదిగే దారి కూడా ఆయనే బోర్డు మీద గీసి చెప్పారు. 2025 అక్టోబర్ 9 సుప్రీంకోర్టు తీర్పుతో, వకీలుగా, జడ్జిగా కలిపి ఏడేళ్లు నిండిన జడ్జీలు కూడా జిల్లా జడ్జి పోస్టుకు నేరుగా పోటీపడొచ్చు, వయసు మాత్రం 35 నిండాలి. తమ కాలంలో ఆ వీలు లేదని నవ్వారు.

మెయిన్స్‌లో ఇంగ్లిష్ పేపరుకు, అందులో అనువాదానికి, ఆరు నెలల్లో ఒకే ఒక్క క్లాసు. నేను సీనియర్ ఆఫీసులో పాత వాంగ్మూలాలు తిరగేసుకుని సొంతంగా నేర్చుకుంటున్నా.

చేరేవాళ్లు రెండో విడత కట్టకముందే మెటీరియల్ చూపించమనండి. ఆదివారం తొమ్మిదికల్లా వెళ్లండి, ఫ్యాను తిరిగేది ముందు బెంచీల మీదే.