ఆడియో గైడ్: ఒక్కరైతే హాయి, నలుగురైతే తంటా

పాత నగరంలో నలుగురు స్నేహితులు తీరిగ్గా తిరిగే రోజున తలా ఒక ఆడియో గైడ్ (చూసే చోటి నంబరు నొక్కితే దాని కథ చెవిలో చెప్పే పెట్టె) అద్దెకు తీసుకుంటే డబ్బూ దండగే, కబుర్లూ దండగే. చెప్పే విషయం బాగుండదని కాదు. ఒకరు 12వ నంబరు వింటుంటే ఇంకొకరు 15 దగ్గర ఉంటారు. 'ఇటు చూడరా' అని పిలిచినా చెవులు మూసుకుపోయి ఉంటాయి. ఒంటరిగా తిరిగేవాళ్లకు ఐదుకి నాలుగు మార్కులు, నలుగురికి నాలుగు పెట్టెలైతే రెండే.

1952లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో మొదలైన తొలి ఆడియో గైడ్‌కు ఈ చిక్కు లేదు. టేపు మీది వ్యాఖ్యానాన్ని షార్ట్‌వేవ్ రేడియోలో వదిలేవారు. అందరి చెవిలో ఒకే మాట ఒకేసారి పడేది, అందరి తలలూ ఒకే బొమ్మ వైపు తిరిగేవి. నంబర్ల మీటలు వచ్చాక ఎవరి దారి వారిదైంది.

మళ్లీ కలిసి వినాలంటే ఇద్దరికి ఒక పెట్టె, ఒక స్ప్లిటర్ (ఒకే రంధ్రానికి రెండు ఇయర్‌ఫోన్లు తగిలించే చిన్న తీగ) చాలు. టెలిఫోన్‌లా చెవికి ఆనించుకునే రకం వద్దు, అరగంటకే చెయ్యి లాగుతుంది. మెడలో వేలాడే రకం అడగండి. దానికి 3.5 మి.మీ. రంధ్రం ఉందో లేదో చూసి, ఇంటి నుంచి తెచ్చిన తీగ ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. రెండూ ఒకే మోడల్ అయితే మంచిది. లేకపోతే ఒకరికి హోరు, ఇంకొకరికి గుసగుస. ఒక్క చెవికే పెట్టుకుంటే రెండోది కబుర్లకూ, వెనక నుంచి వచ్చే బండి హారన్‌కూ పనికొస్తుంది.

కౌంటర్ వదలకముందే ఏదో ఒక నంబరు నొక్కి వినండి. పిన్ను కొంచెం కదిపినప్పుడు గరగరమంటే రంధ్రం వదులైనట్టే, అక్కడే మార్చుకోండి. హామీగా మన గుర్తింపు కార్డు ఉంచుకునే చోట పెట్టె ఎక్కడ అప్పగించాలో, ఎన్ని గంటల లోపో అడగాలి. బయటికి వెళ్లే దారి వేరే వీధిలో తేలిందంటే కార్డు కోసం కట్టడమంతా చుట్టి రావాలి.

40 నంబర్లు, ఒక్కోటి రెండు నిమిషాలు అనుకుంటే వినడానికే 80 నిమిషాలు. నడక, ఫొటోలు, కూర్చోవడం కలిపితే పూట గడిచిపోతుంది. పది ఎంచుకుని తక్కినవి వదిలేయండి. 'మరిన్ని వివరాలకు' అనే ఉపనంబర్ల జోలికి అసలు పోవద్దు.

వీధుల్లో తిరగడానికి ఫోన్ యాప్ మేలు, కానీ ఆడియో, మ్యాపు ముందు రాత్రే దింపుకోవాలి. దళసరి రాతిగోడల మధ్య నెట్ ఆశ పెట్టుకోవద్దు. ఆరుబయట ఫోన్ జీపీఎస్ సుమారు 5 మీటర్ల తేడాతో చోటు చెబుతుంది. ఇరుకు సందుల్లో సిగ్నల్ గోడలకు తగిలి వస్తుంది కాబట్టి ఆ తేడా ఇంకా పెరుగుతుంది, పక్క వీధి కథ చెవిలో మొదలవుతుంది. అలాంటి చోట ఆటోప్లే (చోటును బట్టి కథ దానంతటదే మొదలవడం) ఆపేసి వేలితో నొక్కుకోవడమే నయం. ఎండలో వెలుగు పెంచిన తెర, జీపీఎస్ కలిసి బ్యాటరీని తినేస్తాయి. పవర్ బ్యాంకు లేకుండా బయల్దేరొద్దు.

ఒక ఫోన్ శబ్దాన్ని అనేకమందికి పంపే బ్లూటూత్ ఆరాకాస్ట్‌ను 2022లో ప్రకటించారు. నలుగురి ఇయర్‌బడ్స్‌కూ ఆ వసతి ఉంటేనే పని జరుగుతుంది. ఒక్కరికి లేకపోయినా మళ్లీ స్ప్లిటర్ బయటికి తీయాల్సిందే.