ట్యూషన్ సెంటర్ల వాళ్లూ, ఈ ‘ఆఫ్‌లైన్ సర్వర్ బాక్స్’ కొనకండి

విశాఖలో ట్యూషన్ సెంటర్లు, చిన్న స్కూళ్లు నడిపేవాళ్లకి ముఖ్యంగా చెప్తున్నా. ఇంటర్నెట్ లేకపోయినా పిల్లల ట్యాబుల్లో వీడియో పాఠాలు, పీడీఎఫ్‌లు వచ్చేలా చేస్తామంటూ ఒక బాక్స్ అమ్ముతూ తిరుగుతున్నారు. గాజువాకలో మా అక్క సెంటర్‌కీ వచ్చి 22,000 తీసుకుని పెట్టి వెళ్లారు, పైగా ‘సాఫ్ట్‌వేర్ లైసెన్స్’ కింద ఏటా 6,000 కట్టాలట.

కొన్నాళ్లకే గొడవ మొదలైంది. వీడియోని మధ్యలోకి జరిపితే మళ్లీ మొదటికొచ్చేస్తోందని పిల్లల గోల. కరెంటు పోయి వస్తే బాక్స్ లైటు వెలుగుతుంది కానీ పాఠాలు రావు, ఫోన్ చేస్తే మనిషొచ్చి ఏదో టైప్ చేసి విజిటింగ్ ఛార్జీ పట్టుకెళ్తాడు.

అక్క చూడమంటే వెళ్లి, ఆ బాక్స్ అడ్రస్‌లో చివరున్న పేజీ పేరు తీసేసి నా ఫోన్‌లో కొట్టాను. ‘డైరెక్టరీ లిస్టింగ్ ఫర్ /’ అని హెడ్డింగ్, కింద వరసగా ఫైళ్లన్నీ. పాఠాలతో పాటు ఫీజుల ఎక్సెల్ షీటు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లున్న అడ్మిషన్ లిస్టు కూడా అందులోనే ఉన్నాయి, నొక్కితే డౌన్‌లోడ్ అయిపోతున్నాయి, పాస్‌వర్డ్ ఊసే లేదు. ఇళ్ల నుంచి కూడా చూసుకోవచ్చని రౌటర్‌లో 8000 పోర్టు (లోపలికి వచ్చే ఒక దారి) బయటి ఇంటర్నెట్‌కి తెరిచి పోయారు. వైఫై ఆపి మొబైల్ డేటాతో చూస్తే అప్పుడూ తెరుచుకుంది. కాళ్లూ చేతులూ ఆడలేదు నాకు. ఆడపిల్లల ఇళ్ల నంబర్లండీ అవి!

సర్వర్ (అడిగిన ఫైళ్లు పంపే సాఫ్ట్‌వేర్) జవాబుతో పాటు తన గురించి పంపే సమాచారం, అంటే హెడర్‌లో ‘సింపుల్‌హెచ్‌టీటీపీ/0.6 పైథాన్’ అని ఉంది. అంటే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష‌తో పాటు ఉచితంగా వచ్చే చిన్న సర్వర్, ఒక్క లైను కమాండ్‌తో నడిచేది. అది చెడ్డదేం కాదు, మన సొంత కంప్యూటర్లో పేజీలు పరీక్షించుకోవడానికి చక్కగా పనికొస్తుంది. కానీ దాన్ని నిజమైన వాడకానికి పెట్టొద్దని పైథాన్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. ఇండెక్స్ పేజీ (ఫోల్డర్ తెరవగానే కనిపించే మొదటి పేజీ) లేకపోతే ఫోల్డర్ మొత్తం చూపించేస్తుంది. వీడియో జరిపినప్పుడు బ్రౌజర్ ఫలానా చోటు నుంచి ఇమ్మని అడిగినా, ఇది ఫైలు మొదటి నుంచే పంపుతుంది. ఇక బాక్స్ ఆన్ అవగానే దానంతటదే మొదలయ్యే ఏర్పాటు వాళ్లు చెయ్యనే లేదు. అడిగితే “అది మా సొంత టెక్నాలజీ అండి, లోపల చూపించం” అన్నారు, డబ్బులు మాత్రం వెనక్కివ్వలేదు.

అదే బాక్స్‌లో ఇప్పుడు ఎన్‌జిన్‌ఎక్స్ అనే మరో సర్వర్ సాఫ్ట్‌వేర్ వేశాం. అది 2004 నుంచీ ఉన్నది, పైసా ఖర్చు లేదు, ఫైళ్ల లిస్టు మనం ఆన్ చేస్తే తప్ప చూపించదు, వీడియో ఎక్కడికి జరిపితే అక్కణ్ణుంచి ఆడుతోంది, కరెంటు వచ్చాక దానంతటదే లేస్తోంది. ఇలా ఉన్న ఫైళ్లని ఉన్నట్టు పంపే పనికి మూలన పడేసిన పాత ల్యాప్‌టాప్ చాలు, 22,000 బాక్స్ అక్కర్లేదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. బిల్లు పేరుతో జీఎస్టీ నంబర్ లేని తెల్లకాగితం ఇచ్చారు, అదే జత చేశాం. ఇప్పటికే కొన్నవాళ్లుంటే ఇవాళే రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటికి తెరిచిన ఆ దారి) తీసేసి, పిల్లల వివరాలున్న ఫైళ్లు ఆ బాక్స్‌లోంచి వేరే చోటికి మార్చేయండి. అక్కయ్యపాలెం, గాజువాక వైపైతే కామెంట్ పెట్టండి, సాయంత్రాలు నేనే వచ్చి చూసిపెడతా.